మీటు, నాదక్షయం, పక్కవాద్యం: రొద్రీగో గిటార్ కన్చెర్టో, మాండొలిన్ శ్రీనివాస్ వాదనం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

స్పానిష్ స్వరకర్త హ్వాకీన్ రొద్రీగో 1939లో గిటార్ కోసం, వాద్యబృందం కోసం రచించిన ‘కన్చెర్టో ది అరన్‌హ్వేజ్’ ప్రపంచ ప్రసిద్ధి పొందిన కృతి. దాని రెండవ భాగాన్ని రచయిత వ్యక్తిగత దుఃఖానికి అద్దంగా చదవడం పరిపాటి అయింది. ఆ పఠనం కృతి నిర్మాణాన్ని మరుగుపరుస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మీటిన తీగ నాదం వెంటనే క్షీణించడమనే భౌతిక సత్యమే ఈ కృతి రూపాన్ని నిర్ణయించిందని నిరూపించడానికి ప్రయత్నిస్తుంది. అదే సమస్యను గోదావరి డెల్టాకు చెందిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్ మీద ఎదుర్కొన్న తీరును పక్కన పెట్టి పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కన్చెర్టో, గిటార్, మాండొలిన్, నాదక్షయం, గమకం, పక్కవాద్యం, పాలకొల్లు, పెనుగొండ.

1. ఉపోద్ఘాతం

కన్చెర్టో అనే ఇటాలియన్ మాట, తెలుగువారి కచేరీ వినడానికి చుట్టాల్లా ఉంటాయి గాని వాటి మధ్య బంధుత్వం లేదు. కచేరీ ఉర్దూ మీదుగా వచ్చింది. న్యాయస్థానం, ప్రభుత్వ కార్యాలయం అన్న అర్థాలతో మొదలై సంగీత సభ దాకా విస్తరించింది. అయినా ఈ రెండింటికీ ఒక పైపోలిక ఉంది. రెండింటిలోనూ ఒక ముఖ్య కళాకారుడు, అతని చుట్టూ ఇతరులు ఉంటారు. పోలిక అక్కడితో ఆగుతుంది. కచేరీలో వయొలిన్ గాత్రాన్ని నీడలా వెంబడిస్తుంది, మృదంగం లయను మోస్తుంది. పక్కవాద్యం ఎంత ప్రతిభావంతమైనదైనా దాని ధర్మం అనుసరణ. కన్చెర్టోలో వాద్యబృందం ఆ అర్థంలో పక్కవాద్యం కాదు. అది ఎదురు మాట్లాడగలదు, ముఖ్యవాద్యం అందుకోబోయే వాక్యాన్ని ముందే అందుకోగలదు, తలచుకుంటే దాన్ని వినపడకుండా ముంచివేయగలదు. గిటార్ వంటి అల్పధ్వని వాద్యానికి ఈ చివరి ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది.

తెలుగు శాఖల్లో సంగీత విమర్శ ప్రధానంగా సాహిత్య విమర్శగానే సాగింది. అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగరాజుల మీద వచ్చిన పరిశోధనలో అధిక భాగం పదాల అర్థం, భక్తి, శృంగారం, ఛందస్సు చుట్టూ తిరుగుతుంది. మాట లేని కృతి ఎదురైనప్పుడు ఆ పరికరాలు చేతికి అందవు. అప్పుడు విమర్శకునికి సులభంగా దొరికేది రచయిత జీవితచరిత్ర. రొద్రీగో కృతి విషయంలో పాశ్చాత్య వ్యాఖ్యాతలు సైతం ఆ సులభమార్గాన్నే ఎక్కువగా పట్టారు. సంగీతాన్ని సంగీతంగానే చదవడానికి తెలుగులో ఉన్న మాటలు ఎంతవరకు పనికివస్తాయన్నది ఇక్కడి ప్రశ్న. మీటు, గమకం, పక్కవాద్యం అన్న మూడు మాటలూ చాలావరకు పనికివస్తాయని ఈ వ్యాసం భావిస్తుంది.

2. మీటిన స్వరం ఆయుష్షు

తీగను మీటిన క్షణంలోనే స్వరం తన పూర్తి బలంతో పుట్టి, మరుక్షణం నుంచి తగ్గడం మొదలుపెడుతుంది. ఊపిరితో ఊదే వాద్యంలో, కమానుతో లాగే వాద్యంలో వాదకుడు స్వరాన్ని పుట్టిన తరువాత కూడా పెంచగలడు, నిలపగలడు, వంచగలడు. మీటు వాద్యంలో అతని అధికారం ప్రధానంగా పుట్టుక మీదనే. ఆ తరువాతి కాలాన్ని తీగ, చెక్క, గాలి పంచుకుంటాయి. ఈ క్రమక్షీణతను ఇక్కడ నాదక్షయం అంటున్నాం.

పెనుగొండ వంటి ఊరిలో ఈ తేడాను వివరించడానికి పాఠ్యగ్రంథం అక్కరలేదు. నగరేశ్వర స్వామి, వాసవీ కన్యకా పరమేశ్వరి కొలువైన ఆ పట్టణంలో ఉత్సవం వీధిలోకి వచ్చినప్పుడు ముందు నడిచేది సన్నాయి, డోలు. వీధి ఊపిరి వాద్యాలది. వీణ ఇంటిది, మహా అయితే మంటపానిది. రథం వెంట వీణ నడిచిన దృశ్యాన్ని ఎవరూ ఊహించరు. దీనికి కారణం గౌరవం, మడి వంటివి మాత్రమే కాదు. నాలుగు బారల దూరంలో ఆ నాదం ఆరిపోతుంది, అంతే.

పాశ్చాత్య వాద్యమైన వయొలిన్ కర్ణాటక సంగీతంలో ఇంత నిరాటంకంగా ఎందుకు స్థిరపడిందో కూడా ఈ కోణం నుంచి అర్థమవుతుంది. బాలుస్వామి దీక్షితుల కాలం నుంచి అది గాత్రానికి తోడుగా ఒదిగింది. ఇరవయ్యో శతాబ్దంలో ద్వారం వెంకటస్వామి నాయుడు దాన్ని ముఖ్యవాద్యంగా కూర్చోబెట్టారు. కమాను ఉన్నంతవరకు స్వరం ఆరదు కాబట్టి గాత్రాన్ని అనుసరించడంలో దానికి భౌతికమైన అడ్డంకి లేదు. గిటార్‌కూ మాండొలిన్‌కూ ఆ సౌలభ్యం లేదు.

3. అరన్‌హ్వేజ్: రచన, సందర్భం

రొద్రీగో 1901 నవంబరు 22న వలెన్సియా ప్రాంతంలోని సగుంతోలో జన్మించారు. మూడేళ్ల వయసులో డిఫ్తీరియా సోకి చూపు దాదాపు పోయింది. పారిస్‌లో పాల్ ద్యుకా దగ్గర రచన నేర్చుకున్నారు. 1933లో టర్కీలో పుట్టిన పియానో కళాకారిణి విక్టోరియా కమ్హిని వివాహం చేసుకున్నారు. 1936లో మొదలైన స్పానిష్ అంతర్యుద్ధం వారిని స్వదేశానికి దూరంగా ఉంచింది. 1939లో పారిస్‌లో ఈ కన్చెర్టోను బ్రెయిలీలో రాసి, ఆ ఏడాది సెప్టెంబరులో స్పెయిన్‌కు తిరిగివచ్చారు. 1940 నవంబరు 9న బార్సిలోనాలో గిటార్ వాదకుడు రెహీనో సాయిన్స్ ది లా మాసా దీన్ని తొలిసారి వినిపించారు.

గమనించదగిన విషయమేమంటే రొద్రీగో గిటార్ వాదకుడు కారు, పియానో వాదకుడు. తన చేతికి అలవాటు లేని వాద్యానికి, దాని బలహీనతను బయటినుంచి విన్న చెవితో రాశారు. వాద్యబృందాన్ని ఆయన కూర్చిన తీరులోనే ఆ చెవి తెలుస్తుంది. ఊపిరి వాద్యాలు జంటలుగా ఉన్నాయి, రెండు కొమ్ములు, రెండు ట్రంపెట్లు, తీగవాద్యాలు ఉన్నాయి. ట్రాంబోన్లు లేవు, తాళవాద్యాలు లేవు. ఉన్నవాటినైనా అన్నిటినీ కలిపి గిటార్ మీదికి తోలడం దాదాపు ఎక్కడా కనిపించదు. గిటార్ పలుకుతున్నప్పుడు వాద్యబృందం పలచబడుతుంది. వాద్యబృందం నిండుగా లేచినప్పుడు గిటార్ ఊరుకుంటుంది.

శీర్షికలోని అరన్‌హ్వేజ్ మాడ్రిడ్‌కు దక్షిణాన తాహో నది ఒడ్డున ఉన్న రాచనగరు. అక్కడి తోటల్లోని పూల పరిమళం, పక్షుల కూతలు, నీటి ఊటల సవ్వడి తన కృతికి నేపథ్యమని రచయిత చెప్పారు. ఆ మూడింటిలో ఒక్కటీ చూపుకు సంబంధించినది కాదు. అంతర్యుద్ధం ముగిసి శిథిలాల మధ్య నిలిచిన దేశానికి ఆయన పద్దెనిమిదో శతాబ్దపు రాచతోటను అందించారన్న ఆక్షేపణ ఉంది. అది కొట్టిపారేయదగినది కాదు. ఆనాటి పాలకులకు ఇబ్బంది కలిగించే స్వరం ఈ కృతిలో ఒక్కటి కూడా లేదు. కాని ఆ ఆక్షేపణ తోట గురించి చెప్పినంతగా గిటార్ గురించి చెప్పదు.

మొదటి భాగం గిటార్ ఒంటరి మీటుతో మొదలవుతుంది. ఆరు మాత్రల ఆవృతిని ఒకసారి ‘తకిట తకిట’గా, మరోసారి ‘తక తక తక’గా విరుస్తుంది. లయజ్ఞానం ఉన్న తెలుగు శ్రోతకు ఇది వెంటనే పట్టుబడుతుంది, ఆరును మూడు చొప్పున, రెండు చొప్పున విడగొట్టడం కొత్త సంగతి కాదు. ఇక్కడ గిటార్ పాడదు, తాళం వేస్తుంది. తీగలన్నిటినీ వేళ్లతో ఒక్కసారిగా ఝాడించే స్పానిష్ పద్ధతిలో అది తీగవాద్యం కంటే తాళవాద్యానికే దగ్గరగా ఉంటుంది. తాళవాద్యాలు లేని బృందంలో ఆ ఖాళీని ముఖ్యవాద్యమే పూరిస్తున్నదన్నమాట. మూడవ భాగం రెండు, మూడు మాత్రల మిశ్రమంతో నడిచే ఆస్థాన నృత్యం వంటిది. అది సొగసైనదే, కాని మొదటి రెండు భాగాల పక్కన తేలికగా అనిపిస్తుంది.

4. రెండవ భాగం: పక్కవాద్యంగా ప్రవేశించిన ముఖ్యవాద్యం

కృతి కీర్తి అంతా రెండవ భాగం మీద నిలిచి ఉంది. విలంబ కాలంలో నడిచే ఈ భాగంలో మొదట వినిపించేది గిటారే, కాని పాటతో కాదు. నెమ్మదిగా మీటిన నాలుగు స్వరగుచ్ఛాలతో శ్రుతి పరుస్తుంది. ఆ పరుపు మీద పాట ఎత్తుకునేది కోర్ ఆంగ్లే. ఇది ఓబో కుటుంబానికి చెంది, ఓబో కంటే మంద్రంగా పలికే ఊపిరి వాద్యం. సన్నాయికి ఉన్నట్లే దీనికీ జంటరెల్లు పీక ఉంటుంది. నాదస్వరం, సన్నాయి వింటూ పెరిగిన చెవికి ఈ గొంతు పరాయిదిగా అనిపించకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

ముఖ్యవాద్యం పక్కవాద్యంగా ప్రవేశించడమే ఇక్కడి అసలు నాటకం. కచేరీ పరిభాషలో చెప్పాలంటే, వేదిక మధ్యలో కూర్చున్న కళాకారుడు ముందుగా తంబుర పట్టుకుని, పక్కనున్నవాణ్ణి పాడమన్నట్లు. కోర్ ఆంగ్లే తన మొదటి స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపు నిలిపి, చివరలో చిన్న అలతో దించుతుంది. అలా నిలిపే శక్తి గిటార్‌కు లేదు. అందుకే పాట తన వంతుకు వచ్చినప్పుడు గిటార్ అదే స్వరాన్ని అదే విధంగా పలకదు. నిలపలేని స్వరం చుట్టూ చిన్న చిన్న స్వరాలను అల్లుతుంది, మళ్లీ మీటుతుంది, జారుతుంది. పాట అదే. దాని శరీరం మాత్రం వేరు.

ఈ అల్లికను అలంకారం అనడం తేలిక. కాని ఇది కేవలం అలంకారం కాదు. స్వరం ఆరిపోతున్న చోట వాదకుడు చేసే ప్రతిఘటన ఇది. కోర్ ఆంగ్లే పాటలో దుఃఖం నిలకడగా ఉంది. గిటార్ పాటలో దుఃఖం నిలవలేక మాటిమాటికీ మొదలవుతూ ఉంది. రెండు గొంతుల మధ్య ఈ తేడాను రొద్రీగో దాచిపెట్టలేదు. పక్కపక్కన పెట్టి, ఒకదాని తరువాత ఒకటిగా వినిపించారు. స్పెయిన్‌లో పవిత్ర వారపు ఊరేగింపుల వేళ, వీధిలో సాగే విగ్రహాన్ని ఉద్దేశించి గొంతెత్తి పాడే సాయెతా అనే ఒంటరి గీతపు ఛాయ ఈ భాగంలో ఉందని అనేకులు అంటారు. అది నిజమైతే వీధి పాటను ఊపిరి వాద్యానికి ఇచ్చి, ఇంటి వాద్యాన్ని దానికి బదులు పలకమన్నట్లయింది.

కడెంజా అనే ఒంటరి వాదన ఘట్టంలో గిటార్ మంద్రస్థాయి నుంచి క్రమంగా పైకి ఎక్కి, తీగలన్నిటినీ ఝాడిస్తూ తన శక్తి ఉన్నంతవరకు పెంచుతుంది. గిటార్ ఇక పెంచలేని ఆ బిందువు దగ్గర వాద్యబృందం మొత్తం పాటను అందుకుంటుంది. కృతిలో వాద్యబృందం ఇంత నిండుగా గొంతు విప్పే చోటు మరొకటి లేదు. అక్కడ గిటార్ మౌనం. ఈ మౌనాన్ని ఓటమి అనవచ్చునా అన్నది చర్చనీయం. గిటార్ తలపెట్టిన వాక్యాన్ని పూర్తి చేసే ఊపిరి దానికి లేదు. ఊపిరి ఉన్నవారు పూర్తి చేశారు. పక్కవాద్యం అన్న మాటకు ఇక్కడ కొత్త అర్థం వస్తుంది: వెంబడించేది కాదు, ఆగిపోయిన చోట అందుకునేది.

ఈ భాగంలోని స్వరాలను వరుసగా పేర్చి చూస్తే నటభైరవి మేళానికి దగ్గరగా ఉంటాయి. అంతమాత్రాన ఇది నటభైరవి అనడం పొరపాటు. మేళం స్వరాల పట్టిక మాత్రమే. రాగం నడక, జీవస్వరాలు, గమకం కలిస్తేనే అవుతుంది. పైగా ఇక్కడ పాట కింద స్వరగుచ్ఛాలు మారుతూ ఉంటాయి. ఒకే స్వరం కింద ఆధారం మారినప్పుడు ఆ స్వరపు రంగు మారుతుంది. ఒకే ఆధార షడ్జం మీద నిలిచే సంగీతానికి ఈ సంగతి లేదు. పాశ్చాత్య కృతులకు రాగనామాలు తగిలించే వ్యాసాలు ఈ మెట్టును దాటవేస్తుంటాయి.

5. జీవితం నుంచి రసానికి

1939లో రొద్రీగో దంపతులు పుట్టబోయే తొలి బిడ్డను కోల్పోయారు. రెండవ భాగం ఆ దుఃఖం నుంచి, తమ తొలి దాంపత్య దినాల జ్ఞాపకం నుంచి వచ్చిందని చాలా ఏళ్ల తరువాత విక్టోరియా తన ఆత్మకథలో తెలిపారు. అప్పటినుంచి కార్యక్రమ పత్రాలలో, పరిచయ వ్యాసాలలో ఈ కథే కృతికి ముందుమాటగా నిలుస్తున్నది. విన్నవారికి కళ్లు చెమర్చడం సహజం.

ఆమె మాటను శంకించవలసిన అవసరం లేదు. శంకించవలసినది దాన్ని వాడుకునే తీరును. కావ్యశాస్త్రం కవి శోకాన్ని, కావ్యంలోని కరుణ రసాన్ని ఒకటిగా చూడదు. వాల్మీకి శోకం శ్లోకమైందన్న ప్రసిద్ధ వృత్తాంతాన్ని వ్యాఖ్యానిస్తూ అభినవగుప్తుడు ఆ శోకం ముని సొంత శోకం కాదని పట్టుబట్టాడు. సొంత దుఃఖంలో మునిగినవానికి శ్లోకం రాదన్నది ఆయన వాదన. ఈ హెచ్చరిక సాహిత్యానికి ఎంత అవసరమో వాద్య సంగీతానికి అంతకంటే ఎక్కువ అవసరం. కథ తెలియని శ్రోతకు కూడా ఈ భాగం విషాదంగానే వినిపిస్తుంది. అయితే విషాదానికి కారణం కథలో కాక వినిపించే ధ్వనిలో ఉండాలి. నిలిచే గొంతుకూ నిలవని గొంతుకూ మధ్య సంభాషణ ఆ కారణమని పై పరిశీలన చెబుతున్నది.

6. గిటార్ లేని అరన్‌హ్వేజ్

ఈ ప్రతిపాదనను పరీక్షించడానికి చరిత్రే ఒక ప్రయోగం చేసి పెట్టింది. అమెరికన్ జాజ్ కళాకారుడు మైల్స్ డేవిస్ 1960లో విడుదలైన ‘స్కెచెస్ ఆఫ్ స్పెయిన్’లో ఈ రెండవ భాగాన్ని వాయించారు. వాద్యబృందాన్ని గిల్ ఎవాన్స్ కూర్చారు. అందులో గిటార్ లేదు. పాటంతా ఊపిరి వాద్యాలదే. అది గొప్ప రికార్డు. అందులో ఒంటరితనం ఉంది, విశాలత ఉంది. లేనిది తేడా. కోర్ ఆంగ్లే వాక్యానికి గిటార్ ఇచ్చే తడబాటు సమాధానం అక్కడ వినిపించదు, ఎందుకంటే సమాధానమిచ్చేవారికి కూడా కావలసినంత ఊపిరి ఉంది. పాట గిటార్ లేకుండా బతుకుతుందని, కృతి బతకదని ఆ రికార్డు ఏకకాలంలో నిరూపించింది.

7. పాలకొల్లు మాండొలిన్

మైల్స్ డేవిస్‌తో పనిచేసినవారిలో గిటార్ వాదకుడు జాన్ మెక్‌లాఫ్లిన్ ఒకరు. ‘మెడిటరేనియన్’ పేరుతో స్వయంగా ఒక గిటార్ కన్చెర్టో రచించి లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డు చేసిన ఆయన, తరువాత ‘రిమెంబర్ శక్తి’ బృందంలో పశ్చిమ గోదావరి మాండొలిన్ పక్కన కూర్చున్నారు. ఈ గొలుసు ఇక్కడ డెల్టాను తాకుతుంది.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో జన్మించారు. పెనుగొండకు పొరుగునే ఉన్న ఈ పట్టణం పంచారామాలలో ఒకటైన క్షీరారామం. వాద్యబృంద రచనలో పేరుపొందిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి పుట్టిన ద్రాక్షారామం కూడా పంచారామమే కావడం యాదృచ్ఛికం. వీణకూ వాద్యబృందానికీ మధ్య శంకరశాస్త్రి ఢిల్లీ ఆకాశవాణిలో చేసిన కృషి విడిగా పరిశోధించవలసిన అంశం.

శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాదకుడు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ను ఆరేళ్ల బాలుడు చేతికి తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండొలిన్ రాదు. ఆయన పాడితే శిష్యుడు దాన్ని వాద్యం మీద వెతికి పట్టుకునేవాడు. ఊపిరి వాద్యపు ఇల్లు, గాత్రపు గురువు, చేతిలో నాదం నిలవని వాద్యం: ఈ ముగ్గురి మధ్య ఆ బాలుడి సాధన సాగింది. గాత్రం చేసే ప్రతి గమకం అతని వేళ్లకు ఒక అసాధ్యాన్ని ఆజ్ఞాపించింది.

ఆ అసాధ్యం ఎంతటిదో చెప్పాలంటే వాద్యాన్ని చూడాలి. సంప్రదాయ మాండొలిన్‌కు ఎనిమిది తీగలు జంటలుగా ఉంటాయి. జంటతీగలను ఒకేలా పక్కకు లాగడం కష్టం. మెట్లు ఇరుకు. వీణలో లాగా మైనం మీద ఎత్తుగా నిలబెట్టిన మెట్లు కావు, తీగను లోతుగా లాగే చోటు లేదు. స్వరం పుట్టగానే ఆరిపోతుంది గనుక ఇటలీ మాండొలిన్ వాదకులు ఒకే స్వరాన్ని గబగబా పదేపదే మీటి నిలిపినట్లు భ్రమింపజేస్తారు. ఆ పద్ధతి గమకానికి పనికిరాదు. గమకమంటే ఒక స్వరం నుంచి మరో స్వరానికి తెగకుండా సాగే ప్రయాణం. ప్రతి మీటూ ఆ ప్రయాణాన్ని తెంచుతుంది.

శ్రీనివాస్ చేసిన పరిష్కారం రొద్రీగో చేసినదానికి సరిగ్గా తలకిందులు. జంటతీగలను తీసి ఒంటి తీగలు బిగించారు. ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఎన్నుకున్నారు. విద్యుత్తు స్వరాన్ని గట్టిగా వినిపించడమే కాదు, దాని తోకను కూడా వినిపిస్తుంది. మామూలు వాద్యంలో చెవికి అందకుండా పోయే క్షీణదశ ఇప్పుడు వాదకుడి చేతిలోకి వచ్చింది. ఒక్క మీటుతో పుట్టిన స్వరాన్ని జారుడుతో, తీగ లాగుడుతో మరో రెండు మూడు స్వరాల మీదుగా నడిపించడానికి వ్యవధి దొరికింది. నాదక్షయాన్ని రొద్రీగో ఒప్పుకుని దాని చుట్టూ కృతి కట్టారు. శ్రీనివాస్ ఒప్పుకోలేదు. ఒకరు వాద్యం చుట్టూ ఉన్నవారిని పలచబరిచారు, మరొకరు వాద్యాన్నే మార్చారు.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ, 1981లో మద్రాసు ప్రవేశం, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, 1998లో పద్మశ్రీ ఆ వాదనానికి దక్కిన ఆదరణకు గుర్తులు. అయితే ఆదరణలో ఒక భాగం వేగానికి దక్కింది. ద్రుతకాల స్వరకల్పనలో ఆయన వేళ్లు చేసిన విన్యాసం సభలను ఊపేసిందన్నది నిజం. కాని వేగం మీటు వాద్యానికి సహజ ఆశ్రయం. స్వరాలు దట్టంగా పడినప్పుడు ఏ స్వరమూ ఆరిపోయే అవకాశం రాదు, సమస్యే తలెత్తదు. ఆయన సాధించినది తెలియాలంటే విలంబకాలపు రాగాలాపన వినాలి. అక్కడ ఒక స్వరానికీ మరో స్వరానికీ మధ్య దాక్కునే చోటు లేదు. మీటు వినిపించకుండా స్వరం మలుపు తిరిగినప్పుడు సుబ్బరాజు గారి గాత్రం ఆ వాద్యంలో ఎంత లోతుగా దిగిందో తెలుస్తుంది.

కన్చెర్టో వంటి సన్నివేశం కూడా ఆయనకు ఎదురైంది. బ్రిటిష్ స్వరకర్త మైకేల్ నైమన్ తన బృందంతో ఈ మాండొలిన్‌ను కలిపి చేసిన కృతి 2003లో ‘సంగం’ ఆల్బంలో వెలువడింది. నైమన్ శైలికి చిన్న స్వరగుచ్ఛాలు పదేపదే తిరగడం ప్రాణం. అంతటి పట్టుదల గల లయచక్రం ఎదుట గమకం కొంత ఒదిగి ఉండక తప్పదు. మాండొలిన్ అక్కడ మునిగిపోదు, విద్యుత్తు ఉంది కదా. కాని అరన్‌హ్వేజ్‌లో వాద్యబృందం గిటార్‌ను విన్నట్లుగా ఆ బృందం మాండొలిన్‌ను వింటున్నట్లు అనిపించదు. వినబడటం, వినడం వేరు వేరు సంగతులు. మొదటిది విద్యుత్తు పరిష్కరిస్తుంది. రెండవది స్వరకర్త పని.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న నలభై ఐదేళ్ల వయసులో చెన్నైలో కన్నుమూశారు. రొద్రీగో తొంభై ఏడేళ్లు జీవించి 1999 జూలై 6న మరణించి, అరన్‌హ్వేజ్ శ్మశానవాటికలోనే సమాధి అయ్యారు. ఆయన కృతి రెండవ భాగం చివరలో వాద్యబృందం తన నిండు గొంతు తగ్గించుకుంటూ పోయాక గిటార్ మళ్లీ వస్తుంది. ఈసారి పాటతో కాదు, మీటుతోనూ కాదనిపిస్తుంది. తీగను నొక్కకుండా వేలితో తాకీ తాకక పలికించే సన్నని స్వరాలు ఒకదాని మీద ఒకటిగా పైకి వెళతాయి. ఆ స్వరాలు కూడా చివరికి ఆరిపోతాయి.